పాత లెక్సస్‌ను దానం చేస్తే ఎవరికి ఎంత చేరుతుంది?

డ్రైవ్‌వేలో పదమూడేళ్ల లెక్సస్ ఆర్‌ఎక్స్ ఉంది. లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది. పిల్లల్ని కార్ సీట్లలో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పింది, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చిన ప్రతిసారీ ఆరు సూట్‌కేసులు మోసుకొచ్చింది. ఇప్పుడు పక్కన కొత్త కారు వచ్చి నిలబడింది. డీలర్ ట్రేడ్-ఇన్‌కి చెప్పే ధర వింటే మనసు చివుక్కుమంటుంది. సొంతంగా అమ్ముదామంటే ముక్కూమొహం తెలియనివాళ్లతో బేరాలు, టెస్ట్ డ్రైవ్‌లు, ఒకటే టెన్షన్. సరిగ్గా అప్పుడే ఆఫీసులోనో గుడిలోనో ఎవరో ఒకరు అంటారు: "ఎందుకండీ ఇంత గొడవ? డొనేట్ చేసేయండి. పుణ్యానికి పుణ్యం, ట్యాక్స్‌లో కూడా కొట్టేయొచ్చు."

అమెరికాలో ఉండే తెలుగువాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్న సలహా ఇది. మా ఇంట్లోనూ ఇదే నడిచింది. ఫోన్ చేసి కారు ఇచ్చేయడానికి పది నిమిషాలు చాలు. కానీ ఆ కారు విలువలో ఛారిటీకి ఎంత చేరుతుంది, మన పన్నులో నిజంగా ఎంత తగ్గుతుంది, చివరికి ఆ కారు ఎవరి చేతికి వెళ్తుంది అని అడిగితే, సలహా చెప్పినవాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. ఒకటిగా కలిపేసుకోవడం వల్లే గందరగోళం.

ముందు కారు ప్రయాణం చూద్దాం. మీరు రేడియో స్టేషన్‌కో, క్యాన్సర్ సంస్థకో, పేదలకు ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీకో కారు ఇస్తున్నానని అనుకుంటారు. వాళ్లలో చాలామందికి కార్లతో పనిలేదు. పార్కింగ్ స్థలం ఉండదు, మెకానిక్ ఉండడు. అందుకే ఆ పనంతా వేరే సంస్థకు అప్పగిస్తారు. ఎన్‌పీఆర్ అనే ప్రజా రేడియో నెట్‌వర్క్ స్టేషన్లలో చాలావాటికి ఈ పని చేసిపెట్టే కార్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ శాన్ డియాగోలో ఉంది. లాభం కోసమే నడిచే కంపెనీలు కూడా ఈ రంగంలో ఉన్నాయి. ఫోన్ ఎత్తేది వాళ్లే, టో ట్రక్ పంపేది వాళ్లే, టైటిల్ (యాజమాన్య పత్రం) కాగితాలు చూసేది వాళ్లే. కారు నేరుగా వేలానికి వెళ్తుంది. అక్కడ కొనేవాళ్లు ఎక్కువగా డీలర్లు, నడవని బండి అయితే విడిభాగాల వ్యాపారులు. వచ్చిన డబ్బులోంచి టోయింగ్ ఖర్చు, వేలం ఫీజు, మధ్యవర్తి వాటా పోగా మిగిలింది ఛారిటీకి చెక్కుగా వెళ్తుంది.

ఇందులో మోసమేమీ లేదు. అయితే మనం ఇచ్చింది కారు, ఛారిటీకి అందింది వేలం ధరలో ఒక భాగం. మనం అమ్మడానికి బద్ధకించిన కారును మన బదులు ఇంకొకరు హోల్‌సేల్ ధరకు అమ్మిపెడుతున్నారు, అంతే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ సులువుగా విడిపోతాయి.

ఒకప్పుడు ఈ లెక్క మరీ అధ్వాన్నంగా ఉండేది. 2004 వరకు దాత తన కారు మార్కెట్ విలువను తానే అంచనా వేసుకుని అంత మొత్తం పన్ను మినహాయింపు తీసుకునేవాడు. కెల్లీ బ్లూ బుక్ లాంటి పాత కార్ల ధరల పుస్తకంలో 'మంచి కండిషన్' అన్న వరుసలో అంకె చూసి రాసుకునేవారు, ఇంజిన్ చచ్చిపోయినా సరే. 2003లో అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ జీఏవో 54 దానం కార్లను మొదటి నుంచి చివరి దాకా వెంటాడి చూసింది. వాటిలో మూడింట రెండు వంతుల కార్ల విషయంలో, దాత పన్ను పత్రంలో చూపిన విలువలో ఛారిటీకి చేరింది 5 శాతం, లేదంటే అంతకన్నా తక్కువ. 2004 అక్టోబర్‌లో వచ్చిన అమెరికన్ జాబ్స్ క్రియేషన్ యాక్ట్ దీనికి అడ్డుకట్ట వేసింది. 2005 జనవరి 1 నుంచి రూలు మారింది. మీరు 500 డాలర్లకు మించి మినహాయింపు కోరితే, ఛారిటీ ఆ కారును అమ్మినప్పుడు ఎంత వచ్చిందో అంతే మీ మినహాయింపు.

ఇరవై ఏళ్లు దాటినా ఈ మార్పు మన జనానికి ఇంకా పూర్తిగా ఎక్కలేదు. "కెల్లీ బ్లూ బుక్‌లో తొమ్మిది వేలు చూపిస్తోంది, తొమ్మిది వేలూ రాసుకోవచ్చు" అని ఇప్పటికీ ధైర్యంగా చెప్పేవాళ్లున్నారు. అది కుదరదు. వేలంలో కారు అమ్మిన 30 రోజుల్లో ఛారిటీ మీకు 1098-సి అనే ఫారం పంపాలి. అందులో 4సి అనే గడిలో అమ్మిన ధర రాసి ఉంటుంది. ఆ ఫారం కాపీని పన్ను రిటర్న్‌కి జత చేయాలి, దాంతోపాటు 8283 అనే ఫారం నింపాలి. ఫారం చేతికి రాకపోతే 500 డాలర్లకు మించి మినహాయింపు అడగడానికి లేదు. కారు 500 డాలర్లకో అంతకన్నా తక్కువకో అమ్ముడుపోతే మాత్రం, కారు మార్కెట్ విలువ, 500 డాలర్లు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది రాసుకోవచ్చు.

ఇప్పుడు అంకెలు వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్నవి, మీ కారుకి వేరుగా ఉంటాయి. సొంతంగా అమ్మితే 9,000 డాలర్లు పలికే ఆర్‌ఎక్స్ వేలంలో 5,500కి పోయిందనుకుందాం. ఖర్చులు, మధ్యవర్తి వాటా కలిపి 30 శాతం పోయిందనుకుంటే ఛారిటీకి చేరేది 3,850. మీ మినహాయింపు మాత్రం ఖర్చులు తీయకముందు ధర, అంటే 5,500. మినహాయింపు అంటే పన్నులో అంత తగ్గుతుందని కాదు, పన్ను వేసే ఆదాయం అంత తగ్గుతుందని. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే, అన్నీ అనుకూలిస్తే మిగిలేది 1,210 డాలర్లు.

అదే కారును మీరే 9,000కి అమ్మి, 5,000 డాలర్ల చెక్కు అదే ఛారిటీకి ఇచ్చారనుకోండి. ఛారిటీకి మొదటి దారిలో కన్నా 1,150 డాలర్లు ఎక్కువ అందింది. మీ జేబులో 4,000 మిగిలింది. మీ సొంత కారును కొన్న ధర కన్నా తక్కువకు అమ్మారు కాబట్టి ఆ డబ్బు మీద ఆదాయపు పన్ను కూడా లేదు. పోనీ మొత్తం 9,000 ఇచ్చేస్తే ఛారిటీకి చేరేది వేలం దారిలో కన్నా రెట్టింపు పైన. తేడా అంతా ఒక శనివారం మధ్యాహ్నం మనం పడే శ్రమ. నా మాటగా చెప్పమంటే, నడిచే కారున్న మనిషి ఇవ్వగలిగిన అసలు దానం ఆ శనివారమే.

"అన్నీ అనుకూలిస్తే" అన్నాను కదా, ఎక్కువమందికి అనుకూలించని సంగతి ఇక్కడుంది. కారు దానం మినహాయింపు ఇటమైజ్ చేసేవాళ్లకే. ఇటమైజ్ చేయడమంటే, ఏ లెక్కా చూపకుండానే దొరికే స్టాండర్డ్ డిడక్షన్ వదులుకుని ఇంటి అప్పు వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, దానాలు ఒక్కొక్కటీ లెక్క చూపించడం. 2026లో భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 32,200 డాలర్లు. డాలస్ శివార్లలో ఇల్లున్న ఒక తెలుగు జంటను ఊహించుకోండి. ఏడాదికి వడ్డీ 15,000, ప్రాపర్టీ ట్యాక్స్, సేల్స్ ట్యాక్స్ కలిపి 11,000. మొత్తం 26,000. దీనికి కారు తాలూకు 5,500 కలిపితే 31,500. ఇంకా 32,200 దాటలేదు. అంటే వాళ్లు ఎలాగూ స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటారు, కారు దానం వల్ల పన్నులో తగ్గేది సున్నా. 2020, 2021లలో తక్కువ వడ్డీకి ఇల్లు రీఫైనాన్స్ చేసుకున్నవాళ్లకు, ఇల్లు అప్పు తీరిపోయినవాళ్లకు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు పరిస్థితి దాదాపు ఇదే.

2025 జూలైలో వచ్చిన కొత్త పన్ను చట్టం ఈ లెక్కను ఇంకా కదిపింది. 2026 నుంచి ఇటమైజ్ చేసేవాళ్లకు కూడా, ఆదాయంలో అర శాతం దాటిన దానాలకే మినహాయింపు. సర్దుబాటు చేసిన ఆదాయం 2,00,000 డాలర్లుంటే మొదటి 1,000 డాలర్ల దానం లెక్కలోకి రాదు. ఇంకోపక్క, ఇటమైజ్ చేయనివాళ్లకు కొత్తగా ఒక వెసులుబాటు ఇచ్చారు. ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లు 1,000, జంటలు 2,000 డాలర్ల వరకు దానాన్ని స్టాండర్డ్ డిడక్షన్‌తో పాటు అదనంగా తీసుకోవచ్చు. కానీ ఇది డబ్బు రూపంలో ఇచ్చిన దానానికే. కారు, బట్టలు, సోఫాలకు వర్తించదు. పైన చెప్పిన డాలస్ జంట కారు ఇస్తే పన్నులో ఏమీ మిగలదు, కారు అమ్మి 2,000 డాలర్ల చెక్కు ఇస్తే 22 శాతం శ్లాబులో 440 డాలర్లు మిగులుతుంది. చట్టం కూడా "అమ్మి, డబ్బివ్వు" అనే చెబుతున్నట్టుంది.

అమ్మిన ధరే మినహాయింపు అన్న రూలుకు మూడు సడలింపులున్నాయి. దానం అనే మాటకు నిజమైన అర్థం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఛారిటీ ఆ కారును అమ్మకుండా తన పనికే గట్టిగా వాడుకుంటే, ఉదాహరణకు ముసలివాళ్లకు రోజూ భోజనం చేరవేయడానికి ఏడాదిపాటు తిప్పితే, పూర్తి మార్కెట్ విలువ తీసుకోవచ్చు. కారుకు పెద్ద రిపేర్లు చేసి విలువ బాగా పెంచితే తీసుకోవచ్చు, కడిగి పాలిష్ పెడితే సరిపోదు. మూడోది, అవసరంలో ఉన్న మనిషికి ఉచితంగానో చాలా తక్కువ ధరకో ఆ కారు ఇస్తే. మేరీలాండ్‌లో వెహికల్స్ ఫర్ ఛేంజ్ అనే సంస్థ 1999 నుంచి ఈ పని చేస్తోంది. కారు లేక ఉద్యోగానికి వెళ్లలేని కుటుంబాలకు బాగు చేసిన కార్లు ఇస్తుంది, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకు మెకానిక్ పని నేర్పి ఆ కార్ల మీదే చేయి తిరిగేలా చేస్తుంది. వెర్మాంట్‌లో గుడ్ న్యూస్ గరాజ్ 1996 నుంచి ఇదే బాటలో ఉంది. బస్సు సరిగా తిరగని ఊళ్లో కారు లేకపోతే ఉద్యోగం లేదు, పిల్లాడికి డే కేర్ లేదు, డాక్టర్ లేడు. అలాంటి ఇంట్లో ఒక కారు చేసే మేలు వేలం చెక్కు చేయలేదు.

కానీ ఇక్కడ మన కారు లగ్జరీ క్రాసోవర్ అన్న సంగతి అడ్డం వస్తుంది. జపాన్‌లో టయోటా హ్యారియర్ పేరుతో 1997లో వచ్చి, మరుసటి ఏడాది అమెరికాలో ఆర్‌ఎక్స్ 300గా దిగినప్పుడు లెక్సస్ ఈ రకం బండికి దారి వేసింది: సెడాన్ లాంటి మెత్తని నడక, ఎస్‌యూవీ లాంటి ఎత్తు. ఆ తర్వాత అక్యూరా ఎండీఎక్స్ మూడో వరుస సీట్లతో వచ్చింది, మన కుటుంబాలకు బాగా నచ్చింది. ఇలాంటి కార్లు కొత్తలో సుఖం, పాతబడ్డాక ఖర్చు. ఎండీఎక్స్‌కి కంపెనీ ప్రీమియం పెట్రోలే పోయమంటుంది, పాత మోడళ్లకు లక్ష మైళ్ల దగ్గర టైమింగ్ బెల్ట్ మార్చాలి. జర్మన్ బండ్లలో ఎయిర్ సస్పెన్షన్ పోతే ఒక్క రిపేరే కారు ధరలో సగం తినేయగలదు. కారు విలువ తగ్గుతుంది కానీ దాని విడిభాగాల ధర తగ్గదు. గంటకు పదిహేను డాలర్లు సంపాదించే ఒంటరి తల్లి చేతిలో అలాంటి బండి పెడితే, మొదటి రిపేర్‌కే అది ఆమెకు బరువవుతుంది. అందుకే కార్లు పంచే సంస్థలు కూడా కరోలా, కామ్రీ, సివిక్ లాంటివి కుటుంబాలకు ఇచ్చి, లగ్జరీ బండి వస్తే అమ్మి ఆ డబ్బుతో మామూలు కార్లు బాగు చేయించడం సబబే.

మన పెద్దలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వట్టిపోయిన ఆవును దానమిస్తే పుచ్చుకున్నవాడికి గడ్డి ఖర్చు తప్ప ఏమీ రాదు. తండ్రి అలాంటి ఆవుల్ని దానం చేస్తుంటే చూసి నచికేతుడు బాధపడ్డ కథ చిన్నప్పుడు విన్నదే. ఆర్‌ఎక్స్ లాంటి నికరమైన బండి, సర్వీస్ రికార్డులు చక్కగా ఉన్నది, కుటుంబానికి వెళ్తే బాగానే పనికొస్తుంది. మిగతావి అలా వెళ్లకపోవడమే మంచిది. ఇచ్చే ముందు ఆ సంస్థకు ఫోన్ చేసి, ఈ మోడల్ మీరు ఎవరికైనా ఇస్తారా, అమ్ముతారా అని అడగండి. ఇస్తామంటే 1098-సిలో 5బి గడి టిక్ చేస్తారా అని కూడా అడగండి. అప్పుడు మీకు పూర్తి మార్కెట్ విలువ వర్తిస్తుంది. అయితే అది డీలర్ షోరూం ధర కాకుండా, ఇద్దరు మామూలు మనుషుల మధ్య పలికే ధర అయ్యుండాలి. ఆ విలువ 5,000 డాలర్లు దాటితే అర్హత ఉన్న అప్రైజర్ దగ్గర రాతపూర్వకంగా విలువ కట్టించుకోవాలి.

ఏ ఛారిటీకి ఇస్తున్నామన్న దాంట్లో కూడా పేరు చూసి మోసపోయే వీలుంది. కార్స్ ఫర్ కిడ్స్ ప్రకటన పాట వినని వాళ్లు అమెరికాలో అరుదు. పిల్లలు పాడతారు కాబట్టి పేద పిల్లలకే వెళ్తుందని అనుకుంటాం. ఆ డబ్బు ప్రధానంగా వెళ్లేది ఊరా అనే సంస్థకు. యూదు పిల్లల చదువు, మతపరమైన కార్యక్రమాలు వాళ్ల పని. తమ సమాజం పిల్లల కోసం పనిచేయడంలో తప్పేమీ లేదు, ఇచ్చేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి. ప్రకటనల్లో అది స్పష్టంగా చెప్పలేదని 2009లో పెన్సిల్వేనియా, ఒరెగాన్ రాష్ట్రాల అటార్నీ జనరళ్లు పట్టుబట్టి సెటిల్‌మెంట్ చేయించారు. 2017లో మినెసోటా అటార్నీ జనరల్ నివేదిక, ఆ రాష్ట్రం దాతల నుంచి వచ్చిన సొమ్ములో ఆ రాష్ట్రం పిల్లలకు ఖర్చయింది ఒక శాతం కన్నా తక్కువని చెప్పింది.

మీరు చూసుకోవాల్సింది పెద్ద పనేం కాదు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు వెతికితే 501(సి)(3), అంటే దాతకు పన్ను మినహాయింపు వచ్చే సంస్థ, అవునో కాదో తెలుస్తుంది. గుళ్లు, చర్చిలు ఆ జాబితాలో లేకపోయినా అర్హత ఉండొచ్చు, వాళ్లనే అడగండి. 990 అనే వార్షిక రిటర్న్ ఎవరైనా చూడొచ్చు, అందులో షెడ్యూల్ ఎంలో ఆ ఏడాది ఎన్ని కార్లు వచ్చాయో, ఎంత విలువ చూపారో ఉంటుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఒక్క ప్రశ్న: "వేలం ధరలో మీకు ఎంత శాతం వస్తుంది?" దీనికి సూటిగా అంకె చెప్పలేని చోట కారు ఇవ్వకండి.

మనవాళ్లు తరచూ అడిగే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. మా ఊరి నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చిన కుర్రాడికి ఇచ్చేస్తే? మంచి పనే, బహుశా అన్నిటికన్నా నేరుగా అందే సాయం. కానీ వ్యక్తికి ఇచ్చింది పన్ను చట్టం దృష్టిలో గిఫ్ట్, దానం కాదు. మినహాయింపు రాదు. 2026లో ఒక మనిషికి 19,000 డాలర్ల వరకు గిఫ్ట్ ఇస్తే ఐఆర్‌ఎస్‌కి ఏమీ చెప్పక్కర్లేదు. ఇస్తే టైర్లు, బ్రేకులు చూపించి ఇవ్వండి, ఇన్సూరెన్స్ అతని పేరున తీసుకున్నాకే తాళాలివ్వండి. ఇండియాలో మన ఊరి ఆశ్రమానికి పంపితే? ఎడమవైపు స్టీరింగ్ ఉన్న పాత బండిని అక్కడికి దిగుమతి చేయనివ్వరు, మూడేళ్లు దాటినదాన్ని అసలు రానివ్వరు. ఇండియా సంస్థకు నేరుగా డబ్బు పంపినా అమెరికా పన్నులో మినహాయింపు రాదు, ఇక్కడ రిజిస్టర్ అయిన సంస్థ ద్వారా వెళ్లాలి. ఇక హైదరాబాద్‌లో ఉంటూ పాత ఆడీ క్యూ5 ఎవరికైనా ఇద్దామనుకునేవాళ్లకు: మనకు 80జిగా తెలిసిన దానాల పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన దానానికే, వస్తువుకు రాదు. అక్కడ కూడా అమ్మి ఇవ్వడమే లాభం. కారే ఇస్తే మాత్రం యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30 సంతకాలతో వదిలేయకుండా ఆర్‌సీ పేరు మారేదాకా వెంటపడండి.

ఇంత చెప్పినా, టో ట్రక్‌కి ఫోన్ చేయడమే సరైన పని అయ్యే సందర్భాలున్నాయి. ట్రాన్స్‌మిషన్ పోయి కారు గరాజ్‌లో కదలకుండా పడి ఉంటే, రిపేరుకు 5,000 అడుగుతుంటే, కొనేవాడు రాడు. తండ్రి చనిపోయాక ఆయన కారు అమ్మే ఓపిక పిల్లలకు ఉండదు. పెద్దవాళ్లు డ్రైవింగ్ మానేశారు, అపరిచితుల్ని ఇంటికి పిలవడం వాళ్లకు భయం. అప్పుడు వచ్చే రెండు మూడు వందల డాలర్లు కూడా ఛారిటీకి లాభమే, ఇంటివాళ్లకు తలనొప్పి తగ్గుతుంది. ముందు కారు మీద లోను పూర్తిగా తీరి ఉండాలి, టైటిల్ మీ చేతిలో ఉండాలి. లీజు కారు మీది కాదు, ఇవ్వడానికి లేదు.

ఇచ్చే రోజు చేసే తప్పుల గురించి నా అనుభవం చెబుతాను. మేము పాత మినీవ్యాన్ ఇచ్చినప్పుడు టైటిల్ వెనక సంతకం చేసి, కొనుగోలుదారు పేరు ఖాళీగా వదిలేసి ఇచ్చేశాం. నెల తర్వాత ఎవరో తిరిగిన టోల్ బిల్లులు మా ఇంటికి వచ్చాయి. ఆ కారు ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో మాకు తెలియదు. టైటిల్‌పై ఛారిటీ పేరు గానీ వాళ్ల ఏజెంట్ పేరు గానీ మీ కళ్ల ముందే రాయించండి. కారు చేతులు మారినట్టు రాష్ట్రానికి మీరే చెప్పుకోవాలి: కాలిఫోర్నియాలో 5 రోజుల్లో, టెక్సస్‌లో 30 రోజుల్లో. ప్లేట్ల సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, న్యూజెర్సీలో విప్పి తిరిగి అప్పగించాలి. అద్దం మీద టోల్ ట్యాగ్ తీసేయండి. గరాజ్ తలుపు తెరిచే మీటలో మీ ఇంటి కోడ్ ఉంటుంది, నావిగేషన్‌లో ఇంటి అడ్రస్, బ్లూటూత్‌లో ఫోన్ నంబర్లన్నీ ఉంటాయి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి అన్నీ చెరిపేయండి. కారు యాప్‌లో మీ ఖాతా నుంచి ఆ బండిని తొలగించండి, లేదంటే కొత్త యజమాని ఎక్కడ తిరుగుతున్నాడో మీ ఫోన్‌లో కనిపించవచ్చు. ఇన్సూరెన్స్ మాత్రం పేరు మారాకే ఆపండి.

మా ఆర్‌ఎక్స్‌ను మేము ఈసారి సొంతంగానే అమ్మాం. పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లో కలిశాం, బ్యాంకు లోపలే డబ్బు తీసుకున్నాం, మూడు వారాంతాలు పట్టింది. కొన్నాయన ఇంటికి కొత్తగా కవలలు వచ్చారట, వెనక సీట్లో రెండు కార్ సీట్లు పడతాయో లేదో టేపు పెట్టి కొలుచుకున్నాడు. ఆ సోమవారం మా ఊరి ఫుడ్ బ్యాంకుకి చెక్కు పంపాం.